పలక తుడిచే నాలుగు రోజులు

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్‌కి ఒక వీడియో వచ్చింది. పంపింది నాతో ఒకప్పుడు పనిచేసిన అమ్మాయి. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఒకసారి గర్భం నిలవక బాగా నలిగిపోయింది, ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల. వీడియోలో రెండు ఎలుకలు పక్కపక్కన కూర్చున్నాయి. ఒకటి పసుప్పచ్చగా బొద్దుగా ఉంది, రెండోది గోధుమరంగులో సన్నగా ఉంది. రెండింటికీ జీన్లు ఒకటేననీ, కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండిని బట్టి ఇంత తేడా వచ్చిందనీ వెనక నుంచి ఒక గొంతు చెబుతోంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆ గొంతు ఒక్క గంతులో మనుషుల మీదికి వచ్చేసింది. తల్లి ఇవాళ పడే ప్రతి ఆందోళనా బిడ్డ జీన్ల మీద రాత అయి కూర్చుంటుందట, మనవల దాకా పోతుందట. కింద ఆ అమ్మాయి రాసిన మాటలు: "అక్కా, ఇది నిజమేనా? పోయినసారి కూడా నా టెన్షన్ వల్లేనా?"

"టెన్షన్ పడకు" అని టైప్ చేసి, చెరిపేశాను. టెన్షన్ పడితే బిడ్డకి చుట్టుకుంటుందని వణికిపోతున్న మనిషితో ఆ మాట అనడమంటే నెత్తిన ఇంకో బరువు పెట్టడమే.

పూర్వం ఏం జరిగినా తలరాత అనేవాళ్ళు. ఆ మాటలో ఎన్ని లోపాలున్నా ఒక సుఖం ఉండేది. రాసినవాడు ఎక్కడో పైన ఉన్నాడు, ఇంట్లో ఎవరినీ నిలదీయక్కర్లేదు. ఇప్పుడు ఎపిజెనెటిక్స్ పేరుతో, అంటే జీన్ల అక్షరాలు మారకుండా వాటి మీద పడే గుర్తుల శాస్త్రం పేరుతో, వస్తున్న కొత్త తలరాతలో రాసే చెయ్యి తల్లిది. నాకు దీనితోనే పేచీ. ఎపిజెనెటిక్స్ అబద్ధం అని నేను అనడం లేదు. ఈ మాట చెప్పేవాళ్ళు ఏ ఎలుక పిండాన్ని సాక్షిగా తెస్తున్నారో, ఆ పిండాన్ని దగ్గరకెళ్ళి చూస్తే అది చెప్పేది దాదాపు దీనికి తలకిందులుగా ఉంటుంది అంటున్నాను. మొదటి నాలుగు రోజుల్లో అక్కడ జరిగే పెద్ద పని రాయడం కాదు, చెరపడం.

నల్లగా ఉన్న మూట

నేను శాస్త్రవేత్తను కాను. చాలా ఏళ్ళ కిందట ఎలుక పిండాల మీద పనిచేసే ఒక ల్యాబ్‌లో రెండున్నరేళ్ళు అసిస్టెంట్‌గా ఉన్నాను, అంతే. పొద్దున్నే ఆడ ఎలుకల్లో ప్లగ్, అంటే రాత్రి మగదానితో కలిసిన గుర్తు, పడిందో లేదో చూడటం, అండవాహికల్లోంచి పిండాలను బయటికి తీయడం, నోటితో పీల్చే సన్నటి గాజు గొట్టంతో వాటిని ఒక చుక్కలోంచి ఇంకో చుక్కలోకి మార్చడం నా పని. ఎలుక అండం మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, అంతే. మొదటి నెలంతా నేను పీల్చినవాటిలో సగం ఎటు పోయాయో నాకే తెలియదు.

ఒకరోజు నాకు స్టెయినింగ్ అప్పజెప్పారు. డీఎన్‌ఏ మీద ఉండే మిథైల్ గుర్తులను, అంటే చాలాసార్లు జీన్ల నోరు మూయించే చిన్న రసాయన ముక్కలను, పట్టుకునే యాంటీబాడీ వేసి, ఫలదీకరణ జరిగి కొన్ని గంటలైన అండాలను చూడాలి. ఆ సమయంలో తల్లి నుంచి వచ్చిన డీఎన్‌ఏ ఒక మూటగా, తండ్రి నుంచి వచ్చినది ఇంకో మూటగా విడివిడిగా ఉంటాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక మూట దీపంలా వెలుగుతోంది. రెండోది దాదాపు నల్లగా ఉంది. అండం తర్వాత అండం అంతే. యాసిడ్ స్టెప్ సరిగ్గా చేయలేదేమోనని గుండె జారిపోయింది. మా సీనియర్ వచ్చి చూసి నవ్వేసింది. "నువ్వేం పాడుచేయలేదమ్మా. తండ్రి రాసి పంపింది అండం తుడిచేసింది."

ఆ సంగతి 2000లోనే రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. ఆ తర్వాతి ఏళ్ళలో అంకెలు కూడా వచ్చాయి. ఎలుక శుక్రకణంలో మిథైల్ గుర్తు పడగల చోట్లలో సుమారు 80 నుంచి 90 శాతం గుర్తులతో నిండి ఉంటాయి. అండంలో సుమారు 40 శాతం. మూడున్నర రోజులు గడిచి పిండం బ్లాస్టోసిస్ట్, అంటే గర్భాశయానికి అంటుకోబోయే కణాల బుడగ, అయ్యేసరికి లోపలి కణాల్లో మిగిలేది 20 శాతం చుట్టుపక్కల. మిథైల్ ఒక్కటే కాదు. శుక్రకణంలో డీఎన్‌ఏ చాలావరకు ప్రొటమిన్లనే ప్రొటీన్ల మీద గట్టిగా బిగించి ఉంటుంది. అండం ఆ ప్రొటమిన్లను కొన్ని గంటల్లో పీకేసి, తన దగ్గరున్న హిస్టోన్లనే వేరే ప్రొటీన్లను ఎక్కిస్తుంది. అంటే రాతతో పాటు కాగితం చుట్టిన కర్రను కూడా మార్చేస్తుంది.

ఇది ఎలా జరుగుతుందన్న దాని మీద తగువు ఇంకా తీరలేదు. 2011లో టెట్3 అనే ఎంజైమే తండ్రి గుర్తులను తుడుస్తుందని చూపించారు. చక్కటి కథ, మేమందరం నమ్మేశాం. 2016లో ఇంకో బృందం, టెట్3 పని కనబడేలోపే తండ్రి గుర్తుల్లో చాలా భాగం పోతోందని తేల్చి, ఆ కథని చిక్కులో పడేసింది. తల్లి వైపు గుర్తులేమో ఎవరూ పనిగట్టుకుని తుడవకపోయినా, కణం చీలిన ప్రతిసారీ కొత్త పోగు మీద మళ్ళీ వేయకపోవడం వల్ల పలచబడిపోతాయి. తుడిచే చెయ్యి ఎవరిదన్నదే తగువు. తుడుపు జరుగుతుందన్నది కాదు.

వీడియోలు చెప్పని ఇంకో సంగతి, ఈ తుడుపు రెండుసార్లు జరుగుతుంది. ఎలుక పిండం గర్భాశయానికి అంటుకున్నాక గుర్తులు మళ్ళీ వేగంగా పడతాయి. కానీ ఆ పిండంలోనే రేపటి అండాలో శుక్రకణాలో కాబోయే కణాలు కొన్ని పక్కకి వెళ్ళి, పదమూడున్నర రోజులకల్లా తమ గుర్తులను ఇంకా లోతుగా, పది శాతం లోపుకి దింపేసుకుంటాయి. మనవల దాకా పోవాలనుకునే రాత ఏదైనా ఇలాంటి తుడుపుల్ని ఒకటి కాదు, రెండో మూడో దాటాలి.

తుడిచినా కనబడే గీతలు

చిన్నప్పుడు పలక వాడినవాళ్ళకి తెలుసు. తడిగుడ్డతో ఎంత తుడిచినా, ఆరాక, గట్టిగా ఒత్తి రాసిన అక్షరాలు లీలగా కనబడతాయి. పిండంలోనూ అంతే. ఆ సంగతి దాటేస్తే నేనూ ఆ వీడియో చేసినవాళ్ళలాగే ఒకవైపు చెప్పినట్టవుతుంది.

1984లో మెక్‌గ్రాత్, సోల్టర్ ఒకవైపు, అజీమ్ సురానీ బృందం ఇంకోవైపు, ఎలుక అండాల్లో ఆ రెండు మూటలను మార్చి చూశారు. రెండూ తల్లివే పెడితే పిండం కొంతదూరం పెరిగింది గానీ, దానికి తిండి అందించాల్సిన మావి వైపు కణజాలం చతికిలబడింది. రెండూ తండ్రివే పెడితే మావి వైపు బాగానే వచ్చింది, పిండమే ఎదగలేదు. డీఎన్‌ఏ అక్షరాలు చూస్తే రెండు మూటలూ ఒకటే. అయినా తల్లిది అని, తండ్రిది అని చెప్పే ముద్ర ఏదో ఆ తుడుపుని దాటుకుని వస్తోంది. 1991లో ఆ ముద్రలున్న జీన్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. తండ్రి నుంచి వచ్చిన ఐజీఎఫ్2 అనే జీన్ పనిచేస్తుంది, తల్లిది నోరు మూసుకుంటుంది. హెచ్19 అనే జీన్ దానికి సరిగ్గా వ్యతిరేకం.

ముద్ర నిలవడం యాదృచ్ఛికం కాదు. జడ్‌ఎఫ్‌పీ57 లాంటి ప్రొటీన్లు ఆ కొన్ని చోట్ల కాపలా కాస్తాయి. కాపలా పెట్టాల్సి వచ్చిందంటేనే మిగతా చోట్ల తుడుపు ఎంత జోరుగా సాగుతోందో అర్థమవుతుంది. పైగా ఆ ముద్ర తల్లి ఏం తిన్నది, ఏం బాధపడ్డది అన్న రికార్డు కాదు. ఇది అమ్మ వైపుది, ఇది నాన్న వైపుది అన్న చీటీ మాత్రమే. తర్వాతి తరంలో ఆ చీటీ కూడా చింపి, బిడ్డ ఆడా మగా అన్నదాన్ని బట్టి కొత్తది అంటిస్తారు. 2004లో జపాన్‌లో ఇద్దరు తల్లుల జీనోమ్‌లతో కగుయా అనే ఎలుక పుట్టి పెరిగింది. అందుకోసం ఒక తల్లి వైపు ముద్రలను జన్యుపరంగా మార్చాల్సి వచ్చింది. అప్పుడు కూడా 400కు పైగా అండాలతో మొదలుపెడితే పెద్దదై పిల్లల్ని కన్నది అదొక్కటే.

శుక్రవారం రాత్రి

తుడుపు జరుగుతున్నప్పుడే ఇంకో పని నడుస్తుంటుంది. మొదట్లో పిండం సొంత జీన్లు దాదాపు మౌనంగా ఉంటాయి. అండం ఎదిగేటప్పుడు తల్లి నింపి పెట్టిన ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లతోనే బండి నడుస్తుంది. ఎలుకలో ఈ సరుకు రెండు కణాల దశ దాకా వస్తుంది. ఆర్‌ఎన్‌ఏ తయారీని ఆపేసే విషం, ఒక పుట్టగొడుగులోంచి వచ్చే ఆల్ఫా అమానిటిన్, డిష్‌లో వేసి చూస్తే అండం ఒకసారి చీలుతుంది, అక్కడితో ఆగిపోతుంది. మా సీనియర్ మాటల్లో చెప్పాలంటే, "పుట్టింటి నుంచి తెచ్చుకున్న బియ్యం రెండు కణాల వరకే. తర్వాత సొంత పొయ్యి వెలిగించుకోవాలి." ఆ పొయ్యి వెలిగే సమయంలో వేల జీన్లు ఒక్కసారిగా లేస్తాయి. వాటితో పాటు ఎప్పుడో పూర్వీకుల డీఎన్‌ఏలో దూరి ఉండిపోయిన వైరస్‌ల శకలాలు కూడా కొన్ని లేచి, కొన్ని గంటలు గోల చేసి మళ్ళీ సద్దుమణుగుతాయి. గుర్తులు తుడిచేస్తే మంచివే లేవాలని ఏముంది, దెయ్యాలూ లేస్తాయి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, పసుప్పచ్చ ఎలుక దగ్గర మళ్ళీ కావాలి.

ఒక శుక్రవారం రాత్రి నేను ఇంక్యుబేటర్ గ్యాస్ మీటర్ చూసుకోకుండా ఇంటికి వెళ్ళిపోయాను. సోమవారం తెరిచి చూస్తే సిలిండర్ ఖాళీ. డిష్‌లో అరవై చిల్లర పిండాలు, అన్నీ రెండు కణాల దగ్గరే బిగుసుకుపోయి ఉన్నాయి. ఎలుక పిండాల పెంపకం మొదలైన రోజుల్లో ఎందరి పిండాలో సరిగ్గా అక్కడే ఆగేవట, మీడియం, అంటే వాటిని పెంచే ద్రవం, కుదరక. 1958లో యాన్ మెక్‌లారెన్, జాన్ బిగ్గర్స్ డిష్‌లో పెంచిన పిండాలతో బతికిన ఎలుక పిల్లల్ని పుట్టించినప్పుడు కూడా ఎనిమిది కణాల దశ దాటినవాటినే తీసుకున్నారు.

ఈ కథ చెప్పుకోవడంలో నా వాదనకి నష్టమే ఉంది. పరిసరాలు పిండాన్ని తాకవు అని ఎవరైనా అంటే, నా డిష్‌లోని ఆ అరవై పిండాలూ లేచి సాక్ష్యం చెబుతాయి. 2000లో వచ్చిన ఒక పరిశోధన ఇంకా స్పష్టంగా ఉంది. ఎలుక పిండాలను ఒక పాతరకం మీడియంలో పెంచితే, తండ్రి వైపు నోరు మూసుకుని ఉండాల్సిన హెచ్19 కూడా మాట్లాడింది. అమైనో ఆమ్లాలు కలిపిన ఇంకో మీడియంలో అలా జరగలేదు. కాపలా ఉన్న ముద్రే చెదిరిందంటే ఆ రోజులు ఎంత సున్నితమైనవో తెలుస్తూనే ఉంది.

కాబట్టి నేను గీసే గీత ఇక్కడ. పిండం ఏ నీళ్ళలో ఉందో ఆ నీళ్ళు దాన్ని తాకుతాయి. అది వాతావరణం. దాని తల్లి పడిన బాధ, అమ్మమ్మ పడిన బాధ గుర్తులుగా మారి తుడుపుని దాటి దిగడం వేరు. అది వారసత్వం. ఆ వీడియో మొదటిదానికి సాక్ష్యం చూపించి రెండోదాన్ని అమ్ముతోంది. కడుపుతో ఉన్న ఎలుకకి ఏదైనా పెడితే అది, దాని కడుపులోని పిండం, ఆ పిండంలోని బీజకణాలు, మూడూ ఒకేసారి దాన్ని చవిచూస్తాయి. మునిమనవరాలి దాకా వెళ్తే గానీ చవిచూడని తరం రాదు. మనవల దాకా చూశాం అన్నంత మాత్రాన వారసత్వం తేలదు.

ఆ పసుప్పచ్చ ఎలుక

ఇదంతా ఆ అమ్మాయికి ఆ రాత్రి చెప్పలేదు. పొద్దున ఫోన్ చేసి ముక్కలు ముక్కలుగా చెప్పాను. విని, ఒక ప్రశ్న వేసింది. "మరి ఆ గోధుమరంగు ఎలుక పెద్దదయ్యాక దానికి మామూలు తిండే పెడితే, పిల్లలు ఏ రంగులో పుట్టాయి?" సైన్స్ చదవని మనిషి అడిగిన ఆ ప్రశ్న, వీడియో చేసినవాళ్ళకి తట్టలేదు.

ఆ ఎలుకల్లో అగూటి అనే జీన్ దగ్గర, ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే డీఎన్‌ఏ ముక్క ఒకటి వచ్చి దూరింది. ఐఏపీ అంటారు దాన్ని, పాత వైరస్ సంతతి. మామూలుగా వెంట్రుక పెరిగేటప్పుడు కాసేపు మాత్రమే పనిచేయాల్సిన అగూటిని అది ఒళ్ళంతా, ఎప్పుడూ పనిచేయిస్తుంది. దాంతో బొచ్చు పసుప్పచ్చనవుతుంది, ఎలుక లావెక్కుతుంది, షుగరు వస్తుంది. ఆ ముక్క మీద మిథైల్ గుర్తులు పడితే అది నోరు మూసుకుంటుంది, ఎలుక గోధుమరంగులో మామూలుగా ఉంటుంది. 2003లో వాటర్‌లాండ్, జర్టిల్ అనే శాస్త్రవేత్తలు తల్లి ఎలుకలకు ఫోలిక్ యాసిడ్, బీ12, కోలిన్, బీటైన్ కలిపిన తిండి పెట్టి, పిల్లల్లో గోధుమరంగు వైపు మొగ్గు పెరగడం చూపించారు. ఆ ఫోటో అక్కడి నుంచే ప్రపంచం మీద పడింది.

ఐఏపీలు లేస్తే జీనోమ్‌లో ఎక్కడ పడితే అక్కడ దూరతాయి. అందుకే నాలుగు రోజుల తుడుపులో కూడా వాటిలో చాలావాటి మీద గుర్తులు గట్టిగా నిలబెట్టి ఉంచుతుంది పిండం. దెయ్యాల గది తాళం అది. అలాంటి చోట ఒక జీన్ ఇరుక్కోవడం వల్ల వచ్చిన వింత ఈ ఎలుక. మామూలు జీన్లు ఎలా నడుచుకుంటాయో చెప్పడానికి దీన్ని పట్టుకోవడం, పిడుగు పడి బతికిన మనిషిని చూపించి కరెంటు గురించి పాఠం చెప్పినట్టుంటుంది.

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు. 2007లో వాటర్‌లాండ్ బృందమే దాదాపు అలాంటి పని చేసింది. ఆ జీన్‌ని ఆడ ఎలుకల ద్వారా మూడు తరాలు నడిపి, ప్రతి తరానికీ ఆ తిండే పెడుతూ వెళ్ళారు. తిండి వేసిన గుర్తు వారసత్వంగా దిగితే తరం తరానికీ గోధుమరంగు పోగుపడాలి. పడలేదు. తిండి వల్ల వచ్చిన గుర్తు తర్వాతి తరానికి దిగడం లేదని వాళ్ళే రాశారు. 2003 ఫోటోకి వచ్చిన పేరులో నూరో వంతు కూడా ఈ 2007 పేపర్‌కి రాలేదు.

2010లో ఇంకో పరిశోధన వచ్చింది. ఇది చదివినప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. కడుపుతో ఉన్న మొదటి ఎనిమిదిన్నర రోజులూ ఎలుకకి ఆల్కహాల్ తాగించారు. పిల్లల్లో గోధుమరంగువి పెరిగాయి! వీడియో లెక్కలో అది ఆరోగ్యం కిందికే రావాలి. అదే ఆల్కహాల్ పడిన మామూలు రంగు పిల్లలేమో ఎదుగుదల తగ్గి, ముఖం ఎముకలు మారి పుట్టాయి. బొచ్చు రంగుని తల్లి మంచితనానికి మార్కుల షీటుగా చదివేవాళ్ళు దీన్ని ఏం చేస్తారో నాకు తెలియదు. ఇంతకీ, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానేయమని ఎవరూ ఇక్కడ అర్థం తీసుకోకండి. అవి బిడ్డ వెన్నుపాము సరిగ్గా మూసుకోవడానికి. ఈ ఎలుకతో వాటికి సంబంధం లేదు.

నన్ను పీకుతున్నవి

నా వాదన మీద నాకే రెండు చోట్ల అనుమానం ఉంది. ఒకటి ఆ అగూటి ఎలుకలోనే. తిండి సంగతి పక్కనపెట్టి చూస్తే, పసుప్పచ్చ తల్లికి పసుప్పచ్చ పిల్లలు కాస్త ఎక్కువగా పుడతాయని 1999లోనే తేలింది. తండ్రి రంగుకి ఆ ప్రభావం లేదు. సరే, మిథైల్ గుర్తు దాటి వచ్చి ఉంటుంది అనుకుంటే, 2006లో చూసినవాళ్ళకి బ్లాస్టోసిస్ట్‌లో ఆ చోట గుర్తే కనబడలేదు. గుర్తు పోయింది, జ్ఞాపకం మాత్రం కొంత మిగిలింది. పలక శుభ్రంగా ఉంది, పిల్లవాడికి పాఠం గుర్తుంది.

రెండోది ఇంకా ఇబ్బంది పెట్టేది. 2023లో ఒక బృందం ఎలుకల్లో, మామూలుగా గుర్తులుండని చోట కావాలని మిథైల్ గుర్తులు పెట్టింది. అవి బీజకణాల్లో తుడిచిపెట్టుకుపోయాయి, నేను చెప్పినట్టే. కానీ తర్వాత మళ్ళీ వచ్చాయి. తరాల పాటు అలా పోతూ వస్తూ ఉన్నాయి. తుడుపు జరగడమే సాక్ష్యంగా పెట్టుకున్న నాకు అది చెంపదెబ్బే. దీనికి నా దగ్గరున్న సమాధానం ఒక్కటే, అది పూర్తిగా సరిపోదని కూడా తెలుసు. ఆ గుర్తులు ప్రయోగశాలలో మూలకణాల డీఎన్‌ఏని పనిగట్టుకుని మార్చి పెట్టినవి. ఒక తల్లి ఎలుక భయపడితేనో, పస్తుంటేనో పడ్డవి కావు. దారి ఉందని తేలింది, ఆ దారిన మామూలుగా ఎవరైనా నడుస్తున్నారా అన్నది తేలలేదు. తండ్రి తిండిని బట్టి శుక్రకణంలోని చిన్న ఆర్‌ఎన్‌ఏలు మారి, పిల్లల జీవక్రియను మార్చాయని 2016లో వచ్చిన పరిశోధనలనూ నేను కొట్టిపారేయను. అయితే అక్కడ కూడా చూపించింది ఒక తరం దూరమే. చోద్యం ఏమిటంటే, తండ్రులను భయపెట్టే వీడియో ఇంతవరకు నాకు ఒక్కటీ రాలేదు.

పైగా మనం ఎలుకలం కాము. మనిషి పిండంలో సొంత జీన్లు పూర్తిగా లేచేది నాలుగు, ఎనిమిది కణాల మధ్య. ఎలుక ఆడ పిండం మొదట తండ్రి నుంచి వచ్చిన ఎక్స్ క్రోమోజోమ్‌నే ఎంచి మూస్తుంది, తర్వాత తెరిచి మళ్ళీ ఏదో ఒకదాన్ని మూస్తుంది. మనుషుల్లో ఆ మొదటి అంకమే లేదు. ఎలుకలో నిజమైనది మనకీ నిజమని చెప్పడానికి ప్రతిసారీ విడిగా రుజువు కావాలి, అది నా తుడుపు వాదనకి కూడా వర్తిస్తుంది. మనిషి పిండంలోనూ తుడుపు జరుగుతుందని వేరుగా చూశారు కాబట్టే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ఆ అమ్మాయి రెండో ప్రశ్న ఎలుకల గురించి కాదు కదా. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగం, అంతకు మించి, క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల పోయేవేనని చెప్పాను. ఆ లెక్క చాలావరకు అండం తయారయ్యేటప్పుడే తప్పుతుంది. నీ ఆఫీసు గొడవలకీ దానికీ సంబంధం లేదు అన్నాను. మరీ నిద్ర పట్టనంత దిగులుగా ఉంటే డాక్టరుతో చెప్పు, అది నీ కోసం, మనవల కోసం కాదు అన్నాను. తన బిడ్డ విషయంలో ఆ మొదటి తుడుపు, తను ఇంట్లో టెస్ట్ చేసుకుని రెండు గీతలు చూసుకోకముందే చాలావరకు అయిపోయి ఉంటుందని కూడా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు.

నా పాత హార్డ్‌డిస్క్‌లో వెతికితే ఆ రోజు తీసిన అండం ఫోటో దొరికింది, వెలుగుతున్న మూట, నల్లటి మూట. పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "ఇందులో నల్లగా ఉన్నది నాన్నదా? మా ఆయనకి చూపించాలి."